మిగులు కలప - కొలత, వెల

వడ్రంగాన్ని జీవనోపాధిగా కాక అభిరుచిగా చేపట్టినవారు తెలుగు పట్టణాలలో అక్కడక్కడా కనిపిస్తారు. పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయుడో, బ్యాంకు ఉద్యోగో సెలవు దినాలలో ఉలి, చిత్రిక చేతబట్టి పీటలు, పుస్తకాల అరలు, ఉయ్యాల బల్లలు తయారు చేసుకొంటాడు. అటువంటివారి పెరటి పాకలో వాడిన కలప కన్న వాడని కలపే అధికంగా ఉండడం పరిపాటి. మంచి పలక కనబడితే కొనకుండా ఉండలేకపోవడం ఈ అభిరుచికి సహజమైన బలహీనత. కొంతకాలానికి పాక నిండుతుంది, ఇంటివారు సణుగుతారు, కొంత కలప అమ్మక తప్పదు. అప్పుడు దానికి ఎంత వెల చెప్పాలో చాలామందికి తెలియదు.

వెలకు ముందు కొలత తెలియాలి. అడితులలో కలపను సాధారణంగా ఘనపుటడుగులలో లెక్కిస్తారు. పొడవును అడుగులలోను, వెడల్పును, మందాన్ని అంగుళాలలోను తీసుకొని, మూడింటిని హెచ్చించి 144తో భాగిస్తే ఘనపుటడుగులు వస్తాయి. 6 అడుగుల పొడవు, 8 అంగుళాల వెడల్పు, ఒకటిన్నర అంగుళం మందం గల టేకు పలక సరిగ్గా అర ఘనపుటడుగు. అమెరికాలో ఇదే పనికి బోర్డు అడుగు అనే కొలత వాడతారు. అడుగు పొడవు, అడుగు వెడల్పు, అంగుళం మందం గల చెక్క ఒక బోర్డు అడుగు. అటువంటివి 12 కలిస్తే ఒక ఘనపుటడుగు. అక్కడ స్థిరపడిన తెలుగువారు స్వదేశపు ధరతో అక్కడి ధరను పోల్చేటప్పుడు ఈ 12ను మరచిపోతే లెక్క తలకిందులవుతుంది.

దుంగను కొలిచే పద్ధతి వేరు. నడిమి చుట్టుకొలతలో నాలుగో వంతు తీసుకొని, దాని వర్గాన్ని పొడవుతో హెచ్చిస్తారు. ఎడ్వర్డ్ హాపస్ అనే ఆంగ్లేయుడు 1736లో ప్రచురించిన పట్టికల వలన దీనికి హాపస్ కొలత అనే పేరు వచ్చింది. 4 అడుగుల చుట్టుకొలత, 10 అడుగుల పొడవు గల దుంగ ఈ లెక్కన 10 ఘనపుటడుగులు. దుంగ గుండ్రంగా ఉంటే దాని అసలు ఘనపరిమాణం 12.7 ఘనపుటడుగులు. ఈ తేడా కోతలో పోయే రంపపుపొట్టుకు, పైచెక్కలకు ఇచ్చే మినహాయింపు వంటిది. అయినప్పటికీ ఆ దుంగ నుంచి 10 ఘనపుటడుగుల శుభ్రమైన పలకలు రావడం అరుదు. ఏడు వచ్చాయని, దుంగను ఘనపుటడుగు 2,000 రూపాయల చొప్పున కొన్నారని అనుకొంటే, పలకల అసలు ఖర్చే ఘనపుటడుగుకు దాదాపు 2,857 రూపాయలు. మిల్లు కోత కూలి, బండి బాడుగ దీనికి అదనం. దుంగ ధరకే పలకలు అమ్మినవాడు తన చేతి సొమ్ము ఎక్కడ పోయిందో తెలియక తికమకపడతాడు.

కొలత ఒకటే అయినంత మాత్రాన రెండు పలకల వెల ఒకటి కాదు. చెట్టు నడిమి భాగమైన చేవ ముదురు రంగులో ఉండి ఎక్కువ కాలం మన్నుతుంది. దాని చుట్టూ ఉండే తెల్లచెక్కకు పురుగు త్వరగా పడుతుంది. తెల్లచెక్క, ముడులు, కొసల పగుళ్లు ఉన్న పలకను కొలిచేటప్పుడు పనికిరాని భాగాన్ని విడిచి కొలవడం న్యాయం. లోపాలను గోడవైపు తిప్పి పేర్చి చూపే అమ్మకందారు ఒకసారి అమ్మగలడు కాని రెండవసారి అమ్మలేడు.

అన్నింటి కన్న మోసానికి తావిచ్చేది తేమ. పచ్చికలప ఎండేకొద్దీ వెడల్పులో, మందంలో కుంచించుకుపోతుంది. పొడవులో మార్పు స్వల్పం. అంగుళం మందానికి ఏడాది చొప్పున నీడలో, గాలి ఆడేటట్లు, పలకకు పలకకు మధ్య బద్దలు పెట్టి ఆరవేయాలనేది స్థూలమైన లెక్క. తేమను పరీక్షించడానికి చిన్న ముక్కను తూచి, బరువు ఇక తగ్గని స్థితి వచ్చేదాకా వేడిలో ఆరబెట్టి మళ్లీ తూచాలి. 560 గ్రాముల ముక్క 500 గ్రాములకు వస్తే, తగ్గిన 60ని 500తో భాగించగా తేమ 12 శాతం. కాకినాడ తేమగాలిలో ఆరిన చెక్కతో చేసిన బల్ల కరీంనగర్ వేసవిలో మరికొంత బిగుసుకొని అతుకుల వద్ద విడవచ్చు. ఏళ్ల తరబడి పాకలో ఆరిన కలపకు ఉన్న అసలైన విలువ ఇదే. అభిరుచిగలవాడు వృథాగా నిల్వచేశాడని ఇంటివారు భావించిన కాలమే దానికి వెల తెచ్చిపెడుతుంది.

ఇక ధర. ఎప్పుడో కొన్న వెలను పట్టుకొని వేలాడడం వలన ప్రయోజనం లేదు. పదిహేనేళ్ల క్రితం చౌకగా కొన్నాడని నేడు చౌకగా ఇవ్వనక్కర లేదు, మోజుపడి ఎక్కువ పెట్టాడని కొనేవాడు ఎక్కువ ఇవ్వడు. దగ్గరలోని అడితికి వెళ్లి, అదే జాతి, అదే కొలత పలకను అతడు ఎంతకు అమ్ముతున్నాడో, పాత పలకను ఎంతకు కొంటాడో రెండూ అడగాలి. ఆ రెండింటి నడుమనే బేరం కుదురుతుంది. అడితిలో బిల్లు, ఎంపిక, మార్చుకొనే వీలు ఉంటాయి. ఇంటివద్ద అవి లేవు కనుక కొంత తగ్గించక తప్పదు. వెడల్పైన పలకలకు, ఒకే దుంగ నుంచి వరుసగా కోసిన పలకలకు మాత్రం తగ్గించనక్కర లేదు. రేఖ కలిసే అటువంటి జత అడితిలో సులభంగా దొరకదు. మంచివి ఏరుకొని మిగతావి వదిలివేసే కొనుగోలుదారుకు ఒక ధర, మొత్తం ఎత్తుకుపోయేవానికి మరొక ధర చెప్పడం తప్పు కాదు. మూర, జానెడు ముక్కలను కొలిచి కాలం వృథా చేసుకొనే కన్న కుప్పగా ఇచ్చివేయడం మేలు. పాత ఇంటి దూలాలైతే మేకులున్నట్లు ముందే చెప్పాలి, ఒక్క మేకు మిల్లు రంపాన్ని పాడుచేయగలదు.

కలప తరలింపునకు చట్టం ఉంది. 1970 నాటి ఆంధ్రప్రదేశ్ అటవీ ఉత్పత్తుల రవాణా నియమాలు ఇందుకు వర్తిస్తాయి. కనుక కొన్ననాటి బిల్లును భద్రపరచడం, బండి కదిలించే ముందు అటవీశాఖ కార్యాలయంలో విచారించడం అవసరం. ఎర్రచందనం జోలికి అనుమతి లేకుండా పోరాదు. జిట్టేగు జాతి కలపను విదేశాలకు పంపాలంటే 2017 నుంచి అంతర్జాతీయ ఒప్పందపు అనుమతులు కూడా కావాలి.

ఈ వ్యవహారంలో ఎక్కువగా నష్టపోయేది అభిరుచిగలవాడు కాదు, అతని తదనంతరం పాక తలుపు తెరిచే భార్యాపిల్లలు. ధూళి పట్టిన టేకుకు, తుమ్మకు తేడా వారికి తెలియదు. పరామర్శకు వచ్చినవారిలోనే ఎవరో ఒకరు “పాత చెక్కలే కదమ్మా, పాక ఖాళీ చేయించి పెడతాను” అంటారు. లక్ష రూపాయల కలప వంటచెరకు ధరకు వెళ్లిపోతుంది. కొంచెం ముందుచూపు గలవారు ప్రతి పలక కొసన జాతి, కొలత, కొన్న సంవత్సరం చెరగని సిరాతో రాసి, ఒక నోటు పుస్తకంలో ఆ వివరాలతోపాటు నమ్మదగిన వడ్రంగి పేరును కూడా రాసిపెడతారు. ఆ పుస్తకాన్ని పాకలో కాక, ఇంటి కాగితాల పెట్టెలో ఉంచుతారు.