కౌంటర్‌కు రెండో నెట్

గోడకు బిగించిన ఫైబర్ డబ్బాలో ఎల్‌ఓఎస్ అని రాసి ఉన్న చోట ఎర్ర దీపం కొట్టుకుంటోందంటే, చాలావరకు బయట ఎక్కడో తీగ తెగిందని అర్థం. అప్పుడు జనగామలో మీసేవ కేంద్రానికి సర్టిఫికెట్ల కోసం వచ్చినవాళ్లు బల్లల మీదే కూర్చుండిపోతారు. మహబూబాబాద్‌లో మిర్చి లారీ నిండినా ఈ–వే బిల్లు చేతికి రాక కదలదు. భూపాలపల్లిలో రక్తపరీక్ష పూర్తయినా రిపోర్టు డాక్టర్‌కు చేరదు. చిన్న వ్యాపారానికి మొబైల్ నెట్‌తో నడిచే రెండో ఏర్పాటు కావాలనడంలో సందేహం లేదు. అయితే చాలామంది నేరుగా ‘ఏ డాంగిల్ కొనాలి’ అని అడుగుతారు. దానికంటే ముందు తేల్చుకోవాల్సిన సంగతి ఒకటుంది.

మన దగ్గర నెట్ ఎందుకు పోతుందో చూడండి. రోడ్డు పనుల్లో జేసీబీ తవ్వితే భూమిలోని ఫైబర్ తీగ తెగుతుంది. బజారులో ఫైబర్ ఎక్కువగా కరెంటు స్తంభాల మీదుగానే వేలాడుతూ వస్తుంది కాబట్టి గాలివానకు, కోతుల ఊగులాటకు అదే ముందు పోతుంది. 2025 ఆగస్టులో హైదరాబాద్ రామంతాపూర్‌లో ఊరేగింపు రథానికి కరెంటు తగిలి మనుషులు చనిపోయాక, విద్యుత్ సిబ్బంది స్తంభాల మీది కేబుళ్లను కోసేస్తే నగరంలో ఎన్నో ఇళ్లలో, దుకాణాల్లో బ్రాడ్‌బ్యాండ్ ఆగిపోయింది. ఇక వానాకాలం సంగతి. 2023 జులై 27న మోరంచవాగు పొంగి భూపాలపల్లి దగ్గరి మోరంచపల్లి మునిగింది. 2024 సెప్టెంబరు 1న కేసముద్రం–ఇంటికన్నె మధ్య రైలు పట్టాల కింద కంకర కొట్టుకుపోయి, కాజీపేట–విజయవాడ మార్గంలో రైళ్లు నిలిచిపోయాయి. పెద్ద ఫైబర్ లైన్లు కూడా ఇలా రోడ్ల పక్కన, రైలు పట్టాల వెంబడే నడుస్తాయి.

మొదటి నెట్ ఏ కారణంతో పోయిందో అదే కారణంతో రెండోదీ పోతే దానికి పెట్టిన ఖర్చు దండగ. మొబైల్ నెట్ గాలిలో వస్తుందని అనుకుంటాం. గాలిలో వచ్చేది టవర్ నుంచి మన దుకాణం దాకానే. టవర్ వెనక మళ్లీ ఫైబరే ఉంటుంది, కొన్నిచోట్ల మాత్రం మైక్రోవేవ్ లింకు ఉంటుంది. ఆ ఫైబర్ తెగితే ఫోన్‌లో సిగ్నల్ గీతలు నిండుగా కనిపించవచ్చు, పేజీ మాత్రం తెరుచుకోదు. బ్రాడ్‌బ్యాండ్ ఏ కంపెనీదో సిమ్ కూడా ఆ కంపెనీదే తీసుకుంటే, రెండు బావులకూ ఒకటే ఊట అయ్యే ప్రమాదం ఎక్కువ. సిమ్ వేరే కంపెనీది కావాలి. అదీ ఊరికే ఎంచుకోవద్దు. ఈసారి బ్రాడ్‌బ్యాండ్ పోయినప్పుడు దుకాణంలో ఉన్నవాళ్ల ఫోన్లు చూడండి. ఎవరి డేటా నడుస్తోంది, ఎవరిది ఆగింది, తేదీ వేసి ఖాతా పుస్తకం వెనక రాసుకోండి. ఒక వానాకాలం గడిచేసరికి మీ వీధికి ఏ సిమ్ సరిపోతుందో ఆ పేజీ చెబుతుంది. కంపెనీలు తమ వెబ్‌సైట్లలో పెట్టిన కవరేజీ మ్యాపులు తొలి అంచనాకు పనికొస్తాయి గానీ, ఈ పేజీకి సాటిరావు.

నెట్‌వర్క్ తేలాకే పరికరం. ఇక్కడ చూడాల్సింది బ్యాండ్లు. దూరం పోయే, గోడలు దాటే సిగ్నల్ తక్కువ ఫ్రీక్వెన్సీలో ఉంటుంది. జియోకు 850 మెగాహెర్ట్జ్, అంటే 4జీ బ్యాండ్ 5. ఎయిర్‌టెల్‌కు 900, బ్యాండ్ 8. బీఎస్‌ఎన్‌ఎల్ 4జీకి 700, బ్యాండ్ 28. జనగామ బస్టాండ్ దగ్గర వీటి అవసరం పెద్దగా తెలియకపోవచ్చు. మహదేవపూర్, కాటారం వైపు అడవి పక్క ఊళ్లలో బ్యాండే తేడా చూపిస్తుంది. డబ్బా మీద ‘4జీ’ అని ఉంటే సరిపోదు, మీ సిమ్ కంపెనీ బ్యాండ్లన్నీ ఆ జాబితాలో ఉన్నాయో లేదో చూడాలి. అమెరికా నుంచి పిల్లలు తెచ్చిచ్చే రౌటర్లలో మనకు ముఖ్యమైన బ్యాండ్ 3, బ్యాండ్ 40 లేనివి చాలా ఉంటాయి. పైగా కొన్ని పరికరాలు ఒకే కంపెనీ సిమ్‌కు లాక్ అయి వస్తాయి. మనకు కావాల్సింది ఏ సిమ్ వేసినా పనిచేసేది. 5జీ రౌటర్ కొనేవాళ్లు ఇంకోటి గమనించాలి. జియో 5జీ స్టాండలోన్ పద్ధతిలో నడుస్తుంది, ఆ పద్ధతి లేని రౌటర్‌లో అది రాదు. బిల్లింగుకు, మీసేవకు మంచి 4జీ చాలు.

ఫోన్ హాట్‌స్పాట్ ఉండగా ఇదంతా ఎందుకంటారు. యజమాని బ్యాంకుకు వెళ్తే నెట్ కూడా ఆయన జేబులోనే పోతుంది. బ్యాటరీతో నడిచే చేతి వైఫై డబ్బా అంతకంటే మెరుగు, ఒక్క కంప్యూటర్ ఉన్న దుకాణానికి సరిపోతుంది. రెండు మూడు కంప్యూటర్లు, ప్రింటర్ ఉంటే ఫైబర్ తీగకూ సిమ్‌కూ చోటున్న రౌటర్ తీసుకోవాలి. లైన్ పోగానే రౌటర్ తనంతట తానే సిమ్ మీదికి మారాలి, లైన్ రాగానే తానే వెనక్కి రావాలి. కొనేముందు ఒకటి అడగండి: బయటి సర్వర్ నుంచి జవాబు వస్తోందో లేదో అది తనిఖీ చేస్తుందా? ఎందుకంటే వీధిలో ఫైబర్ తెగినా, గోడ డబ్బా నుంచి రౌటర్‌కు వచ్చే తీగ బాగానే ఉంటుంది. ఆ తీగను మాత్రమే చూసే రౌటర్ నెట్ ఉందనుకుని కదలదు. దుకాణంలోనే పరీక్షించుకోవచ్చు. రౌటర్‌కు వచ్చే తీగ కాకుండా, గోడ డబ్బాకు వచ్చే ఫైబర్ తీగను పీకి చూడండి.

ఫైబర్ నుంచి సిమ్‌కు మారే క్షణంలో ఐపీ చిరునామా మారుతుంది కాబట్టి బ్యాంకు, ప్రభుత్వ సైట్లు లాగౌట్ చేయవచ్చు. ఆధార్ వేలిముద్రతో డబ్బులు తీసిచ్చే పాయింట్ల వాళ్లు ఇక్కడ జాగ్రత్తగా ఉండాలి. మధ్యలో ఆగిన లావాదేవీని మళ్లీ కొట్టేముందు మొదటిది ఏమైందో చూసుకోవాలి. కూలి డబ్బు కోసం వచ్చిన మనిషి ఖాతాలో రెండుసార్లు కోత పడితే అది తిరిగొచ్చేదాకా ఆ ఇంటికి కష్టమే.

రౌటర్‌ను షట్టర్ వెనక, రేకుల కింద పెడితే ఎంత మంచిదైనా పనిచేయదు. దాని సెట్టింగుల పేజీలో సిగ్నల్ బలాన్ని చూపే ఆర్‌ఎస్‌ఆర్‌పీ అనే అంకె ఉంటుంది. మైనస్ 90 లేదా అంతకంటే మెరుగైతే నిశ్చింత, మైనస్ 110 దాటి దిగితే ఇబ్బంది. కిటికీ పక్కకో మెట్ల మీదికో జరిపి అంకె మారడం చూడండి. అక్కడా రాకపోతే మేడ మీద యాంటెన్నా పెట్టుకునే వీలున్న రౌటర్ కావాలి. కరెంటు పోయిన వేళ గోడ డబ్బాకూ రౌటర్‌కూ 12 వోల్టుల చిన్న యూపీఎస్ ఉండాలి. అది లేక ఫైబర్ బాగున్నా నెట్ పోయిందనుకునేవాళ్లు ఎందరో.

డేటా లెక్క కూడా చూసుకోవాలి. రోజుకు 1.5 జీబీ ప్లాన్ బిల్లులకు ఎక్కువే. కానీ క్లౌడ్‌కు రికార్డింగ్ పంపే ఒక్క కెమెరా 2 ఎంబీపీఎస్ చొప్పున గంటకు 0.9 జీబీ తినేస్తుంది. రెండు గంటలు తిరక్కముందే కోటా అయిపోయి, చాలా ప్లాన్లలో వేగం 64 కేబీపీఎస్‌కు పడిపోతుంది. అందుకే సిమ్ మీద నడిచేటప్పుడు కెమెరాలనూ విండోస్ అప్‌డేట్లనూ ఆపేలా రౌటర్‌లో ముందే పెట్టించుకోవాలి. సిమ్ నెట్‌కు సాధారణంగా పబ్లిక్ ఐపీ ఉండదు, పోర్ట్ తెరిచి కెమెరా చూసే పాత పద్ధతి ఆ సమయంలో పనిచేయదు. కంపెనీ యాప్ ద్వారా చూసేవైతే పనిచేస్తాయి. యూపీఐ సౌండ్ బాక్సుల్లో చాలావాటికి సొంత సిమ్ ఉంటుంది కాబట్టి వాటి గురించి బెంగ అక్కర్లేదు.

చుట్టూ ఒకే టవర్ ఉన్న ఊళ్లలో ఈ ఏర్పాటు సగమే పనిచేస్తుంది. అక్కడ నెట్ లేకున్నా బిల్లు కొట్టి తర్వాత ఆన్‌లైన్‌కు ఎక్కించే సాఫ్ట్‌వేర్ తీసుకోవడం రౌటర్ కంటే ముఖ్యం. టవర్ ఒకటే అయినా రెండు కంపెనీల యాంటెన్నాలు దాని మీద ఉండొచ్చు, సిమ్ మార్చి చూడటానికి అయ్యేది ఒక రీచార్జి ఖర్చు. ఊరేదైనా, రెండో నెట్ కోసం పెట్టుకున్న సిమ్ వ్యాలిడిటీ ముగిసే తేదీని క్యాలెండర్‌లో రాసి, నెలకోసారి ఫైబర్ తీసి ఒక బిల్లు దాని మీదే కొట్టండి.