బజారుకు హాజరుపట్టీ

పిల్లలూ! మీ తరగతి హాజరుపట్టీలో ఒక్కొక్కరి పేరు ఒక్కసారే ఉంటుంది కదూ? అలా కాక ఆటల మాస్టారు ఒక పట్టీ, గ్రంథాలయంలో ఒక పట్టీ, మధ్యాహ్నం అన్నం వండేవారు మరొక పట్టీ రాసుకొని, ఒకరు "వెంకటేశు" అనీ, మరొకరు "వి. వెంకటేశ్వర్లు" అనీ రాశారనుకోండి. మూడు పట్టీలూ కలిపి లెక్కపెడితే, బడిలో ఉన్న పిల్లలకంటె పేర్లు ఎక్కువ తేలతాయి!

మన దేశంలో వ్యాపారాల లెక్క చాలావరకు ఇలాగే ఉంది. గోదావరిఖని చూడండి. ఈ ఊరు రామగుండం పక్కన ఉంది. 'ఖని' అంటే గని. ఊరిపేరులోనే బొగ్గుబాయి ఉంది. ఇక్కడి బాయిలను నడిపేది సింగరేణి కంపెనీ. దానిలో నూటికి 51 వంతులు తెలంగాణ ప్రభుత్వానివి, 49 వంతులు కేంద్ర ప్రభుత్వానివి. కంపెనీల రిజిస్టరులో సింగరేణి ఒక్కటే పేరు. గనుల చట్టం కింద రాసే పుస్తకంలో మాత్రం ఒక్కొక్క గనీ వేరు. ఫ్యాక్టరీల పుస్తకంలో గని కోసం వెతికితే అసలు కనపడదు. ఎందుకంటే చట్టం ప్రకారం గని ఫ్యాక్టరీ కాదు!

ఇంకొక చిక్కు చూడండి. కంపెనీ పెద్ద కార్యాలయం కొత్తగూడెంలో ఉంది. ఆ చిరునామా చూసి లెక్క రాసేస్తే, పెద్దపల్లి జిల్లాలో తవ్విన బొగ్గు భద్రాద్రి కొత్తగూడెం జిల్లా ఖాతాలో పడుతుంది. పోనీ, పెద్దపల్లి అని రాద్దామంటే, ఆ జిల్లా ఏర్పడిందే 2016లో. పాత పుస్తకాల్లో గోదావరిఖని కరీంనగర్ జిల్లాలో ఉంటుంది.

ఫ్రాన్సు దేశం 1973లో దీనికి ఒక ఉపాయం చేసింది. ప్రతి సంస్థకూ 9 అంకెల సంఖ్య ఇచ్చారు. ఆ సంస్థ పని జరిగే ప్రతి చోటుకూ, అదే సంఖ్యకు మరి 5 అంకెలు చేర్చి 14 అంకెల సంఖ్య ఇచ్చారు. తల్లి పేరూ తెలుస్తుంది, బిడ్డ ఉన్న చోటూ తెలుస్తుంది.

మనకూ అలాంటి సంఖ్య సగం ఉంది. పెద్ద దుకాణం బిల్లు తీసి చూడండి. 2017లో వచ్చిన జీఎస్టీ కింద 15 అక్షరాల గుర్తు కనపడుతుంది. మొదటి రెండంకెలు 36 అయితే అది తెలంగాణ. తరువాతి పది అక్షరాలు ఆదాయపు పన్నువారిచ్చిన పాన్. కాని ఒక రాష్ట్రంలో ఒకే కంపెనీకి ఎన్ని శాఖలున్నా, అన్నిటికీ ఒకే గుర్తు ఉండవచ్చు. బాయి గేటు దగ్గర టీ కొట్టుకయితే సాధారణంగా అదీ ఉండదు. అంత చిన్న వ్యాపారానికి అది అక్కరలేదు.

అలాంటివి దొరకాలంటే ఇంటింటికీ తిరగాలి. ఆ పనిని ఆర్థిక గణన అంటారు. అది 1977లో మొదలయింది. 2013-14లో జరిగిన ఆరవ గణనలో దేశమంతటా దాదాపు 5 కోట్ల 85 లక్షల వ్యాపారాలు, వాటిలో 13 కోట్లకు పైగా పనివారు తేలారు. 2019లో మొదలయిన ఏడవ గణన వివరాలు, దేశమంతటికీ ఒకే వ్యాపార పట్టిక కట్టడానికి ఉపయోగపడాలని అనుకున్నారు.

ఇంత తంటా ఎందుకంటారా? దేశాదాయం కట్టేందుకు కంపెనీల జాబితాను వాడతారు. 2016-17లో ఆ జాబితా పట్టుకొని, సేవలు అందించే కంపెనీలను అధికారులు వెతికి చూశారు. వాటిలో మూడింట ఒక వంతుకు పైగా దొరకలేదు, లేదా జాబితాలో ఉన్న పని కాక వేరే పని చేస్తున్నాయి.

నాకు తోచినంతవరకు, కొత్త పేరు ఎక్కించడంకంటె పాతపేరు కొట్టివేయడమే కష్టం. దుకాణం తెరిచేవాడు లైసెన్సు కోసం తానే వస్తాడు. మూసేవాడు తాళం వేసుకొని పోతాడు, ఎవరికీ చెప్పడు. బాయిలో బొగ్గు అయిపోతే పనివారు వేరే బాయికి పోతారు; గేటు దగ్గరి కొట్లు కూడా కదిలిపోతాయి. పుస్తకంలో మాత్రం అవి అక్కడే ఉంటాయి!

రామగుండం ఎరువుల ఫ్యాక్టరీది మరీ తమాషా. అది 1980లో మొదలయి 1999లో మూతపడింది. అదే చోట మరొక కంపెనీ కట్టిన కొత్త ఫ్యాక్టరీలో 2021లో ఎరువు తయారవడం ప్రారంభమయింది. చోటు పాతది, యజమాని కొత్త. పట్టికలో పాతపేరు దిద్దాలా, కొత్త వరుస రాయాలా?

ఈ ఆదివారం మీ వీధికి ఒక పట్టిక రాసి చూడండి. పేరు, చేసే పని, పనివారెందరు, తెరిచి ఉందా లేదా - ఈ నాలుగే గళ్ళు. బోర్డులు చూసి రాస్తే చాలదు సుమండీ! ఇంట్లో కూర్చుని ఇరుగుపొరుగు జాకెట్లు కుట్టిపెట్టే పిన్నిగారికి బోర్డు ఉండదు. ఆర్థిక గణనలో ఆమెదీ ఒక వ్యాపారమే.