ఎరగా మారిన చిరుచేప



సత్యవ్రతుడను రాజర్షి కృతమాలా నదిలో తర్పణము చేయుచుండగా ఆయన దోసిలిలోనికి ఒక చిరుచేప వచ్చినదని భాగవతము అష్టమ స్కంధమున కలదు. రాజు దానిని నీటిలో విడువగా, పెద్ద చేపలు తనను మ్రింగివేయునని అది వేడుకొన్నది. ఆయన కరుణించి కమండలువునందుంచి కాపాడెను. ఆ చేపయే శ్రీమన్నారాయణుడు.

గాలపు వేటలో దీనికి పూర్తిగా విరుద్ధమైన పద్ధతి ఒకటి ఉన్నది. కొర్రమీను వంటి వేటచేపలు కదలుచున్న ఎరకు ఆశపడును. అందుచే బ్రతికియున్న చిరుచేప వీపునకో పెదవికో గాలము గ్రుచ్చి నీట విడుతురు. అది ప్రాణభీతితో కొట్టుకొనుటయే ఇక్కడ ఎర.

చేపకు బాధ తెలియదని కొందరందురు. కాని 2003లో ఎడింబరో శాస్త్రజ్ఞులు ట్రౌట్ చేప తలయందు, గాయము కలిగించు తాకిడిని గ్రహించు నాడులను గుర్తించిరి. స్విట్జర్లాండు బ్రతికిన చేపను ఎరగా వాడుటను చట్టముచే కట్టడి చేసినది. నోరులేని ప్రాణి మొరపెట్టలేదు గనుక దానికి బాధయే లేదనుట ధర్మము కాదు.

చేపలు పట్టి జీవించువారిని మేము నిందించుట లేదు. వ్యాసభగవానుని కన్నతల్లి సత్యవతి పెరిగినది దాశరాజు ఇంటనే కదా! ఒక ప్రాణి యాతననే వేటకు సాధనముగా చేయవలెనా అనునదే ప్రశ్న. పిండిముద్ద, చచ్చిన చేప, కృత్రిమమైన ఎర ఉండనే ఉన్నవి. వినోదమునకై గాలము పట్టువారికి బ్రతికిన ఎరతో అవసరమే లేదు.

మన చేత చిక్కిన చిరుచేపను పెద్దచేప నోటికందించి, ఆ చేతులతోనే మత్స్యమూర్తికి నమస్కరించుట ఎట్లు పొసగును? ఈ మాట మన పిల్లలకు కూడ తెలియజెప్పుదము.