ఇంకొక్క ముద్ద ఎందుకు వద్దు?

కార్డిఫ్‌లో మన ఇళ్లలో మధ్యాహ్నం మూడున్నరకి చూడాలి. బడి నుంచి వచ్చిన ఐదేళ్లవాడు సోఫా ఎక్కుతాడు. ఫోన్‌లో బొమ్మలు మొదలవుతాయి. "బళ్లో ఏం తిన్నాడో ఏమో" అంటూ అమ్మమ్మ పప్పన్నంలో నెయ్యి వేసి కలిపి, నోరు తెరిచినప్పుడల్లా ముద్ద పెడుతుంది. గిన్నె ఎప్పుడు ఖాళీ అయిందో వాడికి తెలియనే తెలియదు.

నిజానికి వాడు బళ్లో తినే వచ్చాడు. వేల్స్‌లో ప్రైమరీ పిల్లలకు ఉచిత భోజనం 2022లో మొదలై, 2024 సెప్టెంబరుకల్లా అందరికీ అందింది. కాబట్టి ఇది రెండో మధ్యాహ్న భోజనం. రాత్రి ఎనిమిదింటికి నాన్నతో మరోసారి.

ఒక్క ముద్ద ఎక్కువైతే ఏమవుతుంది?

ఒక్క ముద్దకి ఏమీ కాదు. కడుపు నిండగానే తల తిప్పేసుకోవడం చంటిపిల్లలకు పుట్టుకతోనే వస్తుంది. ఫోన్ చూపిస్తూ, బతిమాలుతూ ఏళ్ల తరబడి తినిపిస్తే ఆ తెలివి మొద్దుబారుతుంది. ఇంతకంటే పెద్ద నష్టం నాకు కనిపించదు.

మా పిల్లాడు బక్కగానే ఉన్నాడుగా?

ఇక్కడే మనం మోసపోతాం. పుణె డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్ బృందం అక్కడి పసికందులను ఇంగ్లండ్‌లోని సౌతాంప్టన్ పసికందులతో పోల్చి 2003లో ప్రచురించింది. మనవాళ్ల సగటు బరువు 2.7 కిలోలు, వాళ్లది 3.5. అయినా చర్మం కింది కొవ్వు మనవాళ్లకు అంతగా తగ్గలేదు, తగ్గింది కండ. చేతులు సన్నగా, పొట్ట ముందుకు ఉన్న పిల్లాణ్ణి చూసి "చిక్కిపోయాడు" అనకండి. వేల్స్‌లో రిసెప్షన్ తరగతి పిల్లలను కొలిస్తే సుమారు నలుగురిలో ఒకరు ఉండాల్సినదానికంటే ఎక్కువ బరువున్నారు.

మరి ఎలా?

ఎల్లిన్ సాటర్ అనే అమెరికన్ పోషకాహార నిపుణురాలు చెప్పిన పంపకం నాకు నచ్చుతుంది: ఏం వండాలో, ఎప్పుడు, ఎక్కడ పెట్టాలో పెద్దవాళ్ల ఇష్టం, ఎంత తినాలో పిల్లల ఇష్టం. మూడున్నరకి ఒక అరటిపండు చాలు. ఆరున్నరకి ఫోన్లన్నీ పక్కన పెట్టి, నాన్న ఫోన్‌తో సహా, అందరూ కలిసి అన్నం తినండి. వాడి చేత్తో వాడే కలుపుకుంటాడు. గచ్చు తుడుచుకోవాల్సి వస్తుంది, తప్పదు. పండ్ల రసం రోజుకి 150 మిల్లీలీటర్లు దాటొద్దు. పాలల్లో చాక్లెట్ పొడీ అక్కర్లేదు. పసివాడికి డైటింగ్ మాత్రం పెట్టకండి. అనుమానముంటే జీపీని అడగండి.

తిండి ఒక్కటే కాదు, నడకా కావాలి. డిసెంబరులో నాలుగింటికే చీకటి పడుతుంది కాబట్టి నడక బడి దారిలోనే అయిపోవాలి. ముద్ద పెట్టే పని పోయిందని అమ్మమ్మ చిన్నబుచ్చుకుంటే, బడి నుంచి తీసుకొచ్చే పని ఆమెకివ్వండి. ఎండ ఉన్న రోజు రోత్ పార్క్ చెరువు చుట్టూ తిప్పి తెస్తుంది (పేరు విని నవ్వకండి, చెరువు చక్కగా ఉంటుంది). ఇద్దరికీ టోపీ ఉన్న వానకోట్లు కొనండి. ఇక్కడి గాలికి గొడుగు నిలవదు.