మాంసకృత్తు టీకా



చిక్కడపల్లిలో మా వీథి చివర నొక వృద్ధురాలు నివసించుచున్నది. మిక్కిలి నిష్ఠ గలది. మడి కట్టుకొననిదే పొయ్యి వెలిగింపదు. 2022వ సంవత్సరము మార్చి నెలలో ఆమె మనుమరాలికి కోవిడు టీకా వేయింపవలసినదని బడినుండి కబురు వచ్చెను. ఆమె నన్ను వాకిట నిలిపి, “పంతులుగారూ, ఇది మాంసముతో చేసిన సూదిమందటగదా! పత్రికలో మాంసకృత్తు టీకా యని వ్రాసినారు. పిల్లకు వేయింపవచ్చునా?” యని యడిగినది.

నేను వైద్యుడను గాను. భాషాప్రవీణ చదివి, ముప్పదియైదేండ్లు పిల్లలకు తెలుగు చెప్పి విశ్రాంతి పొందినవాడను. అయినను ఆ ప్రశ్నలో సగము వ్యాకరణమునకు సంబంధించినది గనుక ధైర్యముగా బదులు చెప్పితిని. మాంసకృత్తనగా మాంసమును చేయునది; మాంసముతో చేయబడినది గాదు. చివరనున్న కృత్ శబ్దము కర్తను చెప్పును, గ్రంథకృత్తు గ్రంథమును చేసినవాడైనట్లు. ఇంగ్లీషువారు ప్రోటీనను నీ పదార్థము కందిపప్పులో గలదు, పెసలలో గలదు, ఆవుపాలలో గలదు. ఆమె ద్వాదశినాడు పారణ చేయు పప్పులో నున్నదియు నదియే. ఇక నీ టీకాలోని మాంసకృత్తు ఏ జంతువునుండియు తీసినది గాదు. కల్లు పులియుటకును రొట్టె పొంగుటకును కారణమగు ఈస్టుజాతి సూక్ష్మజీవిలో పెంచినది. ఆమెకు కల్లు మాట రుచింపలేదు గాని, సందేహము మాత్రము తీరినది.

ఇంటికి వచ్చితిని గాని నా మనస్సు నెమ్మదిగా లేకుండెను. అంతకు పది నెలల క్రిందట నేనే యింతకంటె పెద్ద పొరపాటు చేసియుంటిని. అశోకనగరులో నాతో కలసి పనిచేసిన యొక ఉపాధ్యాయుడు కలడు. కీళ్లవాతమునకు మెథోట్రెక్సేటను మందు చిరకాలముగా సేవించుచుండెను. అది దేహముయొక్క రక్షణశక్తిని కొంత అణచునట్టి మందు. 2021 మే నెలలో ఆయన టీకా వేయించుకొనవచ్చునా యని నన్నడిగెను. అటువంటి మందులు తినువారికి కొన్ని టీకాలు పనికిరావని నేనెక్కడనో వినియుంటిని. “తొందరపడకుడు, దేహ మోర్చుకొనలేదేమో” యంటిని. ఆయన తన వైద్యుని అడుగుటకు బదులు నా మాట గౌరవించి యాగెను. 2022 జనవరిలో వ్యాధి ఆయనను పట్టుకొనినది. పదునెనిమిది దినము లాసుపత్రిలో నుండి యింటికి వచ్చినపుడు, తన మేడమెట్లు పదునాలుగు ఎక్కుటకు రెండుసార్లు కూలబడెను. నన్నొక్క మాటయు ననలేదు. అందుచేతనే నేను నగర కేంద్ర గ్రంథాలయమునకు పోయి కూర్చుండి, యీ విషయమును మొదటినుండి చదువ నారంభించితిని. ఇప్పుడు మీకు చెప్పుచున్నది ఆ చదువే.

టీకా యనగా శత్రువును ముందుగా పరిచయము చేయుట. పరిచయము చేయు విధములు మాత్రము వేఱువేఱు. నేను చిన్నవాడనై యుండగా కుక్క కఱచినది. మా నాయనగారు నన్ను నారాయణగూడలోని ప్రివెంటివ్ మెడిసిన్ సంస్థకు తీసికొనిపోయిరి. బొడ్డు చుట్టును పదునాలుగు సూదులు. గొఱ్ఱెమెదడులో పెంచి చంపిన వైరసుతో చేసిన మం దది. వైరసుతోబాటు గొఱ్ఱెమెదడు ముక్కలును మన దేహములోనికి పోవుచుండెను. ఆ పద్ధతి మన దేశమున 2005 నాటికి నిలిచిపోయినది. ఆ సంస్థ ముందునుండి నడచినపుడు నేటికిని నా పొట్టమీద చేయి వేసికొందును.

వైరసును చంపి యిచ్చుట యొక విధము. హైదరాబాదు జీనోము వ్యాలీలో భారత్ బయోటెక్ వారు చేసిన కోవాగ్జిను ఈ తెగలోనిది. బ్రదికియున్న వైరసును బలహీనపఱచి యిచ్చుట రెండవది. తట్టు టీకాయు, నోటిలో వేయు పోలియో చుక్కలును ఇట్టివి. ఇందులోని వైరసు మన దేహమున కొంచెము పెరుగును. రక్షణశక్తి బాగుగ నున్నవారి కది మేలే చేయును, ఆ శక్తి అణగియున్నవారికి మాత్రము అపాయము కలుగవచ్చును. నేను విన్న సగము మాట దీనిని గూర్చినదే. దానిని అన్ని టీకాలకును అంటగట్టితిని. వేఱొక వైరసును వాహనముగ చేసి వార్త పంపుట మూడవ విధము, కోవిషీల్డు ఇట్టిది. దానిలో చింపాంజీలకు జలుబు తెచ్చు వైరసును మనలో పెరుగకుండునట్లు మార్చి వాడిరి. చూచితిరా, 2021లో మన పేటలో దొరకుచుండిన యీ రెండు టీకాలలోను మన దేహమున పెరుగగల వైరసే లేదు. నా స్నేహితుడు ఏదియైనను తన వైద్యుని అడిగి వేయించుకొనియుండవచ్చును.

నాలుగవది మన మాంసకృత్తు టీకా. దీనిలో వైరసు బ్రదికినదియు లేదు, చచ్చినదియు లేదు. కోవిడు వైరసు పైభాగమున కొమ్ములవంటివి నిలిచియుండును. ఆ కొమ్ము ఒక మాంసకృత్తు. సుమారు 1270 పూసలు గ్రుచ్చిన హారమనుకొనుడు, పూసలనగా అమైనో ఆమ్లములు. హారమంతయు మన కణములను అంటుకొనదు. దానిలో సుమారు 220 పూసలు గల యొక భాగమే తాళపుచెవివలె మన కణముల తాళములో దూరును. ఆ తాళపుచెవి ముక్కను మాత్రమే తయారుచేసి దేహమునకు చూపుదురు. దానిని గుర్తుపట్టి నిరోధించుట నేర్చుకొనిన దేహము, నిజమైన వైరసు వచ్చినపుడు తలుపు తెఱవనీయదు. తెఱచినను లోన పోరాడుటకు సిద్ధముగ నుండును.

ఈ టీకా మా యింటికి కూతవేటు దూరమున నున్నవారి కృషి యని తెలిసినపుడు నా కాశ్చర్యము కలిగినది. చిక్కడపల్లినుండి ఆర్టీసీ చౌరస్తా దాటి పోయినచో ఆజామాబాదు వచ్చును. అచ్చటనే 1953లో నెలకొనిన బయొలాజికల్ ఇ అను సంస్థ కార్యాలయము గలదు. ఆ గోడ ప్రక్కగా నెన్నిమారులు నడచితినో! అమెరికాలో హ్యూస్టను నగరమునందలి టెక్సాసు పిల్లల ఆసుపత్రిలోను, బేలరు వైద్యకళాశాలలోను పీటరు హోటెజు, మరియా ఎలెనా బొటాజి యను శాస్త్రజ్ఞులు రూపొందించి, పేటెంటు హక్కు కోరక యిచ్చిన బీజమును తీసికొని, ఈ సంస్థవారు కార్బెవాక్సును చేసిరి. 2021 డిసెంబరు 28న దానికి మన దేశమున అత్యవసర వినియోగానుమతి లభించెను.

ఈస్టులో మాంసకృత్తు పండించుట మన నగరమునకు క్రొత్త గాదు. కామెల కలిగించు హెపటైటిస్ బి వ్యాధికి శాంతా బయోటెక్నిక్స్ వారు హైదరాబాదులోనే యీ పద్ధతిని టీకా చేసి 1997లో వెలువరించిరి. ఆ జాతి టీకాలను పసిబిడ్డలకు ప్రపంచమంతట వేయుచున్నారు. కనుక పేరు క్రొత్తదేగాని, త్రోవ నలిగినదే.

ఒక చిక్కు గలదు. విడిగా నొక ముక్కను చూపినచో దేహము దానిని లక్ష్యపెట్టకపోవచ్చును. అందుచే దానితో నొక తోడుపదార్థమును కలుపుదురు. మన వైద్యులు భస్మమును తేనెతో నిచ్చినట్లు అనుపానమనవచ్చునా యని నే ననుకొంటిని. పోలిక సగమే సరి. తేనె మందును మ్రింగుటకు సాయపడును, ఇది నిద్రించు కావలివానిని తట్టి లేపును. కార్బెవాక్సులో నిట్టివి రెండు: అల్యూమినియము హైడ్రాక్సైడు ఒకటి, సూక్ష్మజీవుల జన్యుపదార్థమును పోలునట్లు కృత్రిమముగ కూర్చిన సీపీజీ 1018 రెండవది. అర మిల్లీలీటరు మోతాదులో అసలు మాంసకృత్తు 25 మైక్రోగ్రాములు. అనగా నొక గ్రామును నలువదివేల పాళ్లు చేసినచో నొక పాలు! తోడుపదార్థములు ఒక్కొక్కటి 750 మైక్రోగ్రాములు. పూనాలోని సీరం సంస్థవారి కోవోవాక్సునకు సైతము మన దేశమున నదే దినమున అనుమతి వచ్చెను. దానిలో మొత్తము కొమ్మును చిమ్మటజాతి పురుగు కణములలో పెంచుదురు; తోడుపదార్థము దక్షిణ అమెరికాలోని యొక చెట్టు బెరడునుండి వచ్చును. మన కుంకుడుకాయ నురుగునకు కారణమగు సాపోనినుల తెగయే యది.

ఇక నెవరు పొందవచ్చును? కార్బెవాక్సు మొదట పెద్దలకు, పిదప 2022 ఫిబ్రవరిలో 12 మొదలు 18 ఏండ్లలోపువారికి, ఏప్రిలులో 5 మొదలు 12 లోపువారికి అనుమతింపబడినది. అనుమతి వేఱు, ప్రభుత్వము వేయుట వేఱు. 2022 మార్చి 16 నుండి ప్రభుత్వము వేసినది 12 నిండినవారికి మాత్రమే. 28 దినముల యెడముతో రెండు మోతాదులు. పైన చెప్పిన వృద్ధురాలి మనుమరాలికి పండ్రెండు నిండుటకు తొమ్మిది దినములు తక్కువగ నుండెను. కేంద్రమునుండి వెనుకకు పంపివేయగా పిల్ల యేడ్చినది. ఆమె ‘తొమ్మిది దినములకే విషమగునా’ యని కోపించినది. విషము గాదమ్మా. పెద్దలమీద పరీక్షించి, పిదప పెద్దపిల్లలమీద, పిదప చిన్నపిల్లలమీద పరీక్షించి, మెట్టుమెట్టుగా క్రిందికి దిగుట పద్ధతి. ఎక్కడనో నొక గీత గీయకతప్పదు, గీత దగ్గఱ నున్నవారికి అది అన్యాయముగ తోచకమానదు. పదవ దినమున పిల్ల వేయించుకొని వచ్చి చేయి చూపినది.

ఇచ్చట నొకమాట దాచరాదు. కార్బెవాక్సు పెద్దల పరీక్షలలో, వ్యాధి వచ్చినవారిని రానివారిని లెక్కించుటకంటె, రక్తములో పుట్టిన ప్రతిరక్షకములను కోవిషీల్డు పుట్టించినవానితో పోల్చి చూచుటయే ప్రధానముగ జరిగినది. అది శాస్త్రసమ్మతమైన పద్ధతియే. అయినను ఇది యింత నూటికి అడ్డునని గట్టిగ చెప్పువారిని నేను నమ్మను. ప్రపంచ ఆరోగ్యసంస్థ 2024 జనవరిలో దీనిని తన అత్యవసర వినియోగ పట్టికలో చేర్చినది.

వేయించుకొనరానివారు కొలదిమందియే. ఇందలి యే పదార్థమువలననైనను, లేక తొలి మోతాదువలన, తీవ్రమైన ఎలర్జీ కలిగినవారు దీనిని మానవలయును. జ్వరముతో నున్నవారు తగ్గువఱకు ఆగవలయును. రక్తము పలుచనగుటకు మందు తినువారును, రక్తస్రావరోగము గలవారును ఆ సంగతి ముందుగా చెప్పవలయును. వారికి సూది గ్రుచ్చినచోట ఎక్కువసేపు అదిమిపట్టుట అవసరము. గర్భిణులును, పాలిచ్చు తల్లులును తమ వైద్యుని అడిగియే వేయించుకొనవలయును. రక్షణశక్తి అణగియున్నవారికి దీనిలో పెరుగునది యేమియు లేదు గనుక ఆ భయము లేదు. వారికి ఫలము కొంత తక్కువగ నుండవచ్చును, అంతే. మధుమేహము, రక్తపుపోటు, గుండెజబ్బు గలవారు తమ జబ్బును టీకాకు అడ్డుగ భావింతురు. వ్యాధి సోకినచో నెక్కువగ దెబ్బతినువారు వారే. 2023 మార్చిలో ప్రపంచ ఆరోగ్యసంస్థవారు ముందువరుసలో నిలిపినది వృద్ధులను, ఇట్టి రోగులను, రక్షణశక్తి తగ్గినవారిని. ఆరోగ్యముగ నున్న పిల్లలను చివరివరుసలో నుంచిరి. చేయి నొచ్చుట, ఒకటి రెండు దినముల జ్వరము, తలనొప్పి సామాన్యముగ కలుగునవే.

నా స్నేహితుడు కోలుకొని, మూడునెలలు గడచినపిదప తన వైద్యుని అనుమతితో కోవాగ్జిను రెండు మోతాదులు పొందెను. 2023 ఏప్రిలులో తెలంగాణ ప్రభుత్వము, మునుపు కోవాగ్జినైనను కోవిషీల్డైనను పొందినవారికి మూడవ మోతాదుగా కార్బెవాక్సు నిచ్చుటకు పూనుకొనెను. ఈమారు నేనే పిలిచితిని. ఆయన తన వైద్యుని చీటి నాకు చూపి, “ఈసారి అడుగవలసినవారినే అడిగితిని” అని నవ్వెను. ఎండలో మెల్లగా నడచి కేంద్రమునకు పోతిమి. సూది వేసి, అరగంట కూర్చుండుడని నర్సు చెప్పినది. ప్రక్కబల్లపై కూర్చుండి ఆయన, పదునాలుగు మెట్లును ఇప్పుడొక్క ఊపిరిలో ఎక్కుచున్నానని చెప్పి, మాంసకృత్తను పదమునకు వ్యుత్పత్తి యేమని నన్ను ప్రశ్నించెను. అరగంట దానితోనే గడచినది.