పాత లేత్‌కు రంగు వేసే ముందు

మనవడు పాలిటెక్నిక్‌లో చేరాక కోయంబత్తూరులో ఒక పాత లేత్ కొన్నాం. నేను చదివింది బి.కాం., అయినా రంగు పని నా వంతుకే వచ్చింది.

పాత రంగులో సీసం ఉండవచ్చు. రంగుల్లో సీసం 90 పీపీఎం మించరాదన్న నిబంధన 2017 నవంబరులో అమలుకు వచ్చింది. అదీ ఇళ్లకు వేసే రంగులకే. అందుచేత పొడిగా గీకితే లేచే దుమ్ము ప్రమాదం. గాలి ఆడేచోట రిమూవర్ పూసి, తడి మీదే గీకాలి. మాస్కు, గ్లవ్స్ తప్పనిసరి. తల్లిదండ్రులు చిన్నపిల్లలను అటు రానివ్వకూడదు.

విద్యార్థులు గమనించవలసింది మరొకటి. క్యారేజ్ జరిగే బెడ్డు పట్టాలను ఎమరీ కాగితంతో రుద్దవద్దు. లేత్ ఖచ్చితత్వమంతా అక్కడే ఉంది. కిరోసిన్ గుడ్డతో తుడిచి నూనె రాస్తే చాలు. మిగతా పోత ఇనుముకు రెడాక్సైడ్, ఆపైన ఎనామెల్ రెండు పూతలు వేశాం. పట్టాల అంచున అంటించిన టేపును రంగు గట్టిపడకముందే లాగేయాలి, లేకుంటే రంగు పెచ్చులుగా లేస్తుంది.