బస్టాపే ఎందుకు?

కోచింగ్ కోసం పిల్లల్ని హైదరాబాద్‌లోని దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్లలో చేర్చిన తల్లిదండ్రులు వరంగల్, హనుమకొండల్లో వీధికొకరు కనిపిస్తారు. 2013 ఫిబ్రవరి 21న అక్కడ పేలిన బాంబులు వాళ్లను కూడా ఉద్దేశించినవే.

ఆ సాయంత్రం ఏడు గంటల వేళ సైకిళ్లకు కట్టిన రెండు బాంబులు నిమిషాల తేడాతో పేలాయి. ఒకటి బస్టాప్ దగ్గర, ఇంకొకటి ఏ వన్ మిర్చి సెంటర్ దగ్గర. ఆఫీసులు, క్లాసులు వదిలే సమయం అది. బస్సు కోసం నిలబడ్డవాళ్లు, బజ్జీలు తింటున్నవాళ్లు 18 మంది పోయారు. బాంబులు పెట్టిన ఉగ్రవాద సంస్థ ఇండియన్ ముజాహిదీన్‌కు వీళ్లతో ఏ పగా లేదు, వీళ్ల పేర్లు కూడా తెలియవు.

బస్టాప్‌కు కాపలా ఉండదు కాబట్టి పని సులువు, నిజమే. కానీ అసలు లెక్క వేరు. మంత్రిని చంపితే మామూలు మనిషి ‘అది పెద్దవాళ్ల గొడవ’ అనుకుంటాడు. బస్టాప్‌లో బాంబు పెడితే ‘నిన్న నేనూ అక్కడే ఉన్నా’ అంటాడు. చంపేది పదుల మందిని, భయపెట్టేది లక్షల మందిని. 2007 ఆగస్టు 25న గోకుల్ చాట్, లుంబినీ పార్కుల్లో 42 మందిని బలిగొన్నదీ ఈ లెక్కే. వాళ్లలో మహారాష్ట్ర నుంచి టూర్‌కొచ్చిన ఇంజినీరింగ్ విద్యార్థులున్నారు.

భయం వెంటే అనుమానం రావాలని కూడా బాంబులు పెట్టేవాళ్ల కోరిక. అదే ఏడాది మే 18న మక్కా మసీదులో బాంబు పేలి 9 మంది చనిపోతే, తర్వాత పోలీసు కాల్పుల్లో మరో 5 మంది పోయారు. పాతబస్తీ కుర్రాళ్లను పట్టుకెళ్లారు, కేసులు నిలబడలేదు. బాంబు పెట్టినవాడు ఎవడైనా కావచ్చు, పొరుగువాడిని పొరుగువాడు అనుమానించిన ప్రతిసారీ వాడి పని మనమే చేసిపెడుతున్నాం.

మరి అన్నల, అంటే నక్సలైట్ల సంగతేమిటని వరంగల్ వాళ్లు అడగకమానరు. ఇక్కడి సెయింట్ గాబ్రియేల్ స్కూల్లో హిందీ పంతులుగా పనిచేసిన కొండపల్లి సీతారామయ్య 1980లో పీపుల్స్‌వార్ పెట్టారు. దళానికి అన్నం పెట్టేది ఊరే, దాచేదీ ఊరే. అందుకే సంతలో బాంబు పెట్టడం వాళ్ల పద్ధతి కాలేదు. దిల్‌సుఖ్‌నగర్ జనం నుంచి ఇండియన్ ముజాహిదీన్‌కు అన్నమూ అక్కర్లేదు, నీడా అక్కర్లేదు. ఆ తేడా పెద్దదే. అలాగని అన్నల చేతిలో మామూలు మనుషులు చావలేదని కాదు. ఇన్‌ఫార్మర్ ముద్రపడి ఎందరో పేదలు ప్రాణాలు పోగొట్టుకున్నారు. 1990 అక్టోబరులో చర్లపల్లి దగ్గర నక్సలైట్లు రైలు పెట్టెకు నిప్పుపెట్టారన్న ఘటనలో 47 మంది ప్రయాణికులు కాలిపోయారు.

ఇంత చేసీ, మామూలు జనాన్ని చంపేవాళ్లు సాధించేదేమిటి? అమెరికా పరిశోధకుడు మాక్స్ అబ్రహామ్స్ 2006లో ప్రపంచంలోని 28 సంస్థల చరిత్రను పరిశీలించారు. ప్రధానంగా పౌరులపై దాడిచేసినవి రాజకీయ లక్ష్యం అందుకున్నది చాలా అరుదని తేల్చారు. ఆయన చెప్పే కారణం ఒకటే: పిల్లల్ని కూడా వదలనివాడికి మనల్ని నాశనం చేయడమే కావాలని జనం నమ్ముతారు, ఆ తర్వాత వాడి డిమాండ్ ఏదైనా ఎవరూ వినరు.